తాతయ్య బయటే ఉన్నారు

బెజవాడ ఆసుపత్రి,
శుక్రవారం.

నాన్నగారికి,

మీ కూతురు వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. ఆచారం కాబట్టి రాశాను, నమ్మనక్కర్లేదు. మీరు నా ఫోను ఎత్తరు కాబట్టి ఉత్తరమే గతి.

అమ్మ దగ్గు తగ్గిందా? మా పెదపాడు చెరువులు ఎవరు చూస్తున్నారని మీ ఉత్తరంలో అడిగారు. చేపలకు మేత మామగారే వేస్తున్నారు. సాయంత్రం బస్సెక్కి ఇక్కడికొచ్చి, మన పాప క్యాథరిన్ కాళ్ళు ఒత్తి, తెల్లారేసరికి మళ్ళీ చెరువు గట్టు మీద ఉంటున్నారు. మీ లెక్కలో ఆయన అన్యుడు, క్రీస్తును నమ్మనివాడు.

మీ రెండో ప్రశ్న. "పసిపిల్లలకు క్యాన్సరని మన తాడేపల్లిగూడెంలో ఎవరైనా విన్నారా? లోకంలో లేనిది నీ ఇంటికే వచ్చిందంటే, అన్యుణ్ణి చేసుకున్న పాపం కాక మరేమిటి?" అని రాశారు. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పిన మనిషి రాసిన మాటలివి. చదివితే ఒళ్ళు మండింది. ఆ కాగితం పట్టుకుని నేరుగా డాక్టరు సత్యవేణి గారి దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది రక్తం క్యాన్సరట. గడ్డలుగా వచ్చేవాటిలో మెదడులోవి ముందు. తర్వాత మూత్రపిండం పైనుండే గ్రంథి దగ్గర, నరాల్లో పుట్టేది. ఆ వెనకే మన పాపకొచ్చిన మూత్రపిండం గడ్డ. కంట్లో, ఎముకల్లో వచ్చేవి ఇంకా తక్కువ.

"అన్నీ కలిపినా అరుదేనండీ. అరుదంటే ఎవరికీ రాదని కాదు కదా. మీరేదో చేయబట్టి రాలేదమ్మా," అన్నారు.

ఈ వార్డుకొచ్చి చూడండి. పక్క మంచం మీద కొల్లేరు లంక నుంచి వచ్చిన పిల్లాడికి మెదడులో గడ్డ. ఎదురుగా ఎముక గడ్డతో ఎలీయాజరు అనే కుర్రాడు. వాళ్ళ నాన్న పాస్టరుగారు. ఆయన ఏ అన్యురాలిని చేసుకున్నారో కాస్త కనుక్కుని రాయండి.

నేను సంఘం ముందు నిలబడి పాపం ఒప్పుకున్నాకే ఆపరేషను చేయించాలన్నారు. అంతవరకూ పాప కోసం మోకరించనన్నారు. మీ పంతం నాకు కొత్త కాదు, నేనూ మీ కూతురినే. ఆపరేషను మొన్న బుధవారమే అయిపోయింది. ఒక మూత్రపిండం తీసేశారు, రెండోది బాగానే ఉంది. ఇక మందులెక్కిస్తారు. ఈ గడ్డ వచ్చిన పిల్లలు చాలామంది కోలుకుంటారని డాక్టరుగారు చెప్పారు. మిమ్మల్ని అడగలేదు. ఇక ముందు కూడా అడగను.

ఒప్పుకోలు కావాలన్నారుగా, ఒకటుంది. ఆపరేషను థియేటరు తలుపు దగ్గర పాప నా కొంగు పట్టుకుని వదల్లేదు. జ్వరమొస్తే మీరు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తేనే పడుకునేది కదా. "తాతయ్య ప్రార్థన చేస్తేనే వెళ్తా," అంది.

"తాతయ్య బయటే మోకాళ్ళ మీద ఉన్నారమ్మా," అన్నాను.

కొంగు వదిలేసింది.

నేనాడిన అబద్ధం అదొక్కటే. సంఘం ముందు చెప్పమంటే చెబుతాను, మీ పేరుతో సహా.

ఈ ఉదయం నుంచి పాప మెలకువగానే ఉంది. తలుపు వైపే చూస్తోంది. "తాతయ్యకు మోకాళ్ళు నొప్పెడతాయమ్మా, ఇంక చాలు, లోపలికి రమ్మను," అంటోంది.

ఏం చెప్పమంటారు?

ఇట్లు,
మీ పెద్దమ్మాయి, క్యాథరిన్ తల్లి,
గ్రేస్