కరెంటు ఆడిన పత్తాలు

సెప్టెంబర్ 20, 2011, మంగళవారం. ఉదయం.

నిన్న అన్నం దగ్గర నువ్వన్నది తప్పు మౌనికా. పత్తాలాట మొత్తం నసీబే అన్నావు. కాదు. రమ్మీలో పదమూడు ముక్కలు పంచేదాకే నసీబు. ఆ తర్వాతదంతా బుర్ర. ఈ మాట నీకే చెప్పేదాన్ని, కానీ అప్పటికే పుస్తకం మొహం మీద కప్పుకుని పడుకున్నావు. పుస్తకాన్ని అంత దగ్గరగా పెట్టుకున్న విద్యార్థిని నా సర్వీసులో చూడలేదు.

ఈ డైరీ నీకోసమే టేబుల్ మీద వదిలేస్తున్నాను. నేను గడప దాటగానే తీసి చదువుతావని తెలుసు. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. వెనక బెంచీలో ఎవరేం చదువుతున్నారో బోర్డు వైపు తిరిగే చెప్పగలను.

సంగతి ఇదీ. పోయినసారి గ్రూప్స్ పరీక్ష నీకు రెండు మార్కుల్లో తప్పిపోయింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెతో హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ మూతపడితే రైలెక్కి జనగామ వచ్చావు. భూపాలపల్లికి, మీ అమ్మానాన్నల దగ్గరికి పోదామంటే బస్సులు బంద్. నా దగ్గర చిక్కావు. వచ్చిన రోజు నుంచి ఒకటే మాట: "నౌకరీ గూడ పత్తాల లెక్కనే అమ్మమ్మా. వచ్చేటోనికి వస్తది. ఇగ నేను చదువ."

అందుకే పందెం వేశాం. కంప్యూటర్లో నేనాడే రమ్మీలో దసరా నాటికి మొదటి వందమంది జాబితాలో నా పేరు చూపిస్తాను. డబ్బుల ఆట కాదు, ఒట్టి పాయింట్లు. ఇప్పుడు 412వ స్థానం. చూపిస్తే నువ్వు పుస్తకం తెరవాలి. చూపించలేకపోతే పుస్తకాలు అటకెక్కించి ఏ చీరల షాపులోనైనా కూర్చో, నేను నోరెత్తను. నేను నోరెత్తకపోవడం ఎంత పెద్ద పందెమో మీ అమ్మనడుగు.

నియమాలు:
1. రోజుకు మూడే ఆటలు.
2. గెలిచినా ఓడినా ఆ 'న' మాట పలకను, రాయను.
3. శకునాలు, దిక్కులు, కలిసొచ్చే చీరలు లేవు.

సాయంత్రం 4. మూడింట రెండు గెలిచాను. 371. బుర్ర.

సెప్టెంబర్ 21, బుధవారం.

మూడుకు మూడు. 305!

నువ్వు వెనక నిలబడి చూశావు. చూడనట్టు ముఖం పెట్టి చూశావు. మంచినీళ్లు కావాలా అని కూడా అడిగావు. నీళ్లు తాగాను కానీ పొంగిపోలేదు.

ఈ లెక్కన దసరాకు ముందే వందలోకి వస్తాను. మిగిలిన రోజుల్లో స్వెటర్ అల్లుతాను.

సెప్టెంబర్ 22, గురువారం. మధ్యాహ్నం.

చేతిలో అన్నీ కుదిరాయి. ఒక్క ముక్క, కళావరు తొమ్మిది, వస్తే ఆట నాది. కరెంటు పోయింది.

ఆ వెబ్‌సైటు పద్ధతి ఏమిటంటే, మనిషి మాయమైతే తనే మన బదులు 'డ్రాప్' నొక్కుతుంది. అంటే ఆ ఆటలోంచి దిగిపోయినట్టు. ఇరవై పాయింట్లు కోత. కడదాకా ఆడి ఓడితే ఎనభై దాకా పోతాయి, అది వేరే సంగతి. కానీ నేను ఓడలేదు. నన్ను దింపేశారు.

దింపింది ఎవరు? బొగ్గు గనుల సమ్మె. ఆ సమ్మెలో ముందు వరసలో ఉన్నది ఎవరు? మీ నాన్న. అల్లుడికి ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలయ్యాక, బొగ్గు మళ్లీ ఎప్పుడు తీస్తారని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"రాష్ట్రం ఇచ్చినమని చెప్పుమను అత్తమ్మా, పది నిమిషాలల్ల గనిల దిగుత," అన్నాడు ఐలేశ్.

ఏమంటాను? శనివారం నేనే రిలే దీక్షలో కూర్చోవాలి.

ఇది 'న' కాదు. ఇది పరిస్థితి.

సెప్టెంబర్ 24, శనివారం.

పొద్దంతా దీక్షా శిబిరంలో. రిటైరైన టీచరమ్మల వంతు. మెడలో బంతిపూల దండ, చేతిలో 'వెనక్కి తగ్గేది లేదు' అని రాసిన అట్ట. పక్కన మన పక్కింటి గట్టమ్మ. ఆమె టీచరు కాదు, నాకు తోడు. రిలే దీక్ష అంటే ఒక పూట ఒకరు పస్తుంటే ఇంకో పూట ఇంకొకరని అనుకుని, పన్నెండింటికి సజ్జరొట్టె విప్పింది. కొంగు అడ్డం పెట్టాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి ఐదు ఆటలు ఆడాను. నియమం తప్పలేదు. నిన్న కరెంటు లేక ఒక్కటే ఆడాను కదా, రెండు బాకీ.

మూడు పోయాయి. ఎదుటివాడు, పేరు గోదావరి కింగ్ అని పెట్టుకున్నాడు, మీరు మధ్యమధ్యలో ఎందుకు మాయమవుతున్నారని ఇంగ్లిషు అక్షరాల తెలుగులో అడిగాడు. మా బొగ్గు సమ్మెలో ఉంది నాయనా, నీకింకా తెలియలేదా అని జవాబిచ్చాను. ఆట వాడు గెలిచాడు. మాట నేను గెలిచాను. మాటకు పాయింట్లు వేయరు.

సెప్టెంబర్ 27, మంగళవారం. ఎంగిలిపూల బతుకమ్మ.

నాలుగు గెలుపులు, ఒకటి నిన్నటి బాకీ. 198.

నాలుగూ ఆ మెంతిరంగు చీరలోనే గెలిచానని నువ్వు వేలెత్తి చూపించావు. యాదృచ్ఛికం. చీర రేపు కూడా అదే కట్టుకుంటే అది శకునం కాదు. కరెంటు లేదు, మోటారు లేదు, ఉతకడానికి నీళ్లు లేవు.

కంప్యూటర్ బల్ల కొంచెం తూర్పుకు జరిపాను. వెలుతురు కోసం.

సెప్టెంబర్ 30, శుక్రవారం.

నిన్నటికి 140. ఈరోజు మళ్లీ 188.

కారణం రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. ఆట మధ్యలో గట్టమ్మ తంగేడుపూలు అడగడానికి వచ్చింది. వచ్చిన మరుక్షణం ఓడాను. వెళ్లాక గెలిచాను. మళ్లీ వచ్చింది, మళ్లీ ఓడాను. ఇది శాస్త్రం. పరిశీలన. ఇకనుంచి నేను ఆడేటప్పుడు రావద్దని మర్యాదగానే చెప్పాను.

గట్టమ్మ గడపలోనే నిలబడిపోయింది. "నా కాలు మంచిది కాదా టీచరమ్మా? మౌనిక పుట్టిననాడు దవాఖానల మీ అందరికన్న ముందుగాల పెట్టింది గీ కాలే. గప్పుడు మంచిగనే ఉండె."

నువ్వు గదిలో నవ్వడం వినిపించింది. పుస్తకం కింద నవ్వితే శబ్దం ఆగుతుందనుకుంటున్నావా?

గట్టమ్మకు పూలు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. చాయ్ ఇచ్చింది. తాగాను. ఇంటికొచ్చి గెలిచాను. శాస్త్రం కొంచెం గందరగోళంలో ఉంది.

అక్టోబర్ 3, సోమవారం.

ఘోరం. పంచినవాడెవడో కానీ పదమూడు ముక్కల్లో ఏ రెండూ ఒకదాని మొహం ఒకటి చూడవు. వరసగా మూడుసార్లు అంతే. మూడుసార్లూ కడదాకా కూర్చుని ఆడాను. మూడు ఎనభైలు పోయాయి. 236.

'డ్రాప్' అని అక్కడే ఒక మీట ఉంది. నొక్కితే ఇరవైతో బయటపడతాం. నువ్వు వెనకనుంచి "దిగిపో అమ్మమ్మా" అన్నావు. ఊరంతా వెనక్కి తగ్గేది లేదని పస్తులుంటే, శిబిరంలో దండ వేయించుకొచ్చిన మనిషిని నేను ఇంటికొచ్చి దిగిపోనా? ఆటైనా మర్యాద మర్యాదే.

ఆటలు ఎన్ని ఆడానో రాయడం మానేస్తున్నాను. సంఖ్యల మీద మరీ మోజు మంచిది కాదు. లెక్కల టీచరు రాసిన వాక్యమిది. చదివావు కదా, మరిచిపో.

అక్టోబర్ 5, బుధవారం.

103! పొద్దుటినుంచి కూర్చున్న చోటినుంచి లేవలేదు. కరెంటు నాలుగుసార్లు పోయింది. పోయినప్పుడల్లా కుర్చీలోనే కునుకు తీశాను. చేతికి మౌస్ అతుక్కుపోయింది. మెంతిరంగు చీర ఇప్పుడు మెంతి వాసన కూడా వేస్తోంది.

రేపు దసరా. ఇంకో మూడు మెట్లు.

అక్టోబర్ 6, గురువారం. దసరా. ఉదయం.

గట్టమ్మతో కలిసి ఊరి బయట లింగాల ఘనపూర్ దారిలో చేల వైపు నడిచాను. వ్యాయామం కోసం. దసరానాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా కలిసొస్తుందని అందరూ అటే పోతారు, ఆ గుంపులో మేమూ ఉన్నాం, అంతే. ముప్పై ఏళ్లు ఈ నమ్మకాన్ని క్లాసులో ఉతికి ఆరేసినదాన్ని. నా పాత విద్యార్థులు ఇద్దరు ఎదురుపడి నమస్కారం పెట్టారు. నేను మబ్బుల్ని పరిశీలిస్తున్నట్టు నిలబడ్డాను.

కరెంటు తీగ మీద కనిపించింది. నీలం రెక్క విప్పి ఎగిరింది. గట్టమ్మ నా మోచేయి పట్టుకుంది. నేను నా తప్పేమీ లేకుండా దండం పెట్టేశాను.

మధ్యాహ్నం 3.

ఆఖరి ఆటలు. ముక్కలు పంచారు. అన్నీ చెత్త. కూర్చున్నాను. పాలపిట్ట మీద భరోసాతో కడదాకా కూర్చున్నాను. ఎనభై.

131.

నసీబు. రాశాను. నసీబు, నసీబు. నియమాలు మూడూ పోయాయి, పందెం పోయింది. నువ్వే రైటు మౌనికా. అటక ఖాళీగా ఉంది.

సాయంత్రం 6.

పై మాటలు నీకు చదువుకోమని వదిలేసే ఓపిక లేక, పిలిచి చెప్పేశాను. ఓడాను, అంతా నసీబే, పుస్తకాలు పైన పెట్టుకో అని. సంతోషిస్తావనుకున్నాను. నువ్వు నన్ను కుర్చీలోంచి లేపి కంప్యూటర్ ముందు కూర్చున్నావు. పాత ఆటల చిట్టా తీశావు.

"నసీబేంది అమ్మమ్మా? గిటు సూడు. కరెంటు వోయిన ఆటలన్నిట్ల నీకు వోయింది ఇరవై ఇరవైయే. నువ్వు కూసొని ఓడినయన్ని ఎనబై ఎనబై. నీకన్న కరెంటే మంచిగ ఆడింది."

"అంటే ఆడింది మీ నాన్న," అన్నాను.

నువ్వు నవ్వలేదు. "మధ్యాహ్నం ఒక్కసారి దిగిపోతే ఇంకో ఆటకు అరవై పాయింట్లు చేతుల ఉండేటియి. చెడ్డ పత్తాలు అందరికి వస్తయి. ఇడుసుడు నీకు చాతగాదు, గంతే. గది నసీబా?"

నా లెక్క తప్పింది. అరుదైన సంఘటన కాబట్టి తేదీతో సహా నమోదు చేస్తున్నాను. ఊరుకోలేక, మరి నీ రెండు మార్కుల మాటేమిటని అడిగాను.

మౌస్ చక్రం కిందికీ పైకీ తిప్పావు. తర్వాత తెరకే చెప్పావు, నాకు కాదు.

"ఒక లెక్క రాలే. ఇడిస్తే ఓడినట్టైతదని దాన్నే పట్టుకొని కూసున్న. ఎనక పది ప్రశ్నలుండె. సూడనే లే."

మొదలుపెట్టిన లెక్కను వదలకూడదని నీకు చిన్నప్పుడు ఎవరు నేర్పారో నేను అడగలేదు. జవాబు తెలిసిన ప్రశ్నలు పరీక్షల్లోనే అడగాలి, ఇంట్లో కాదు.

జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టావు. లేచి నీ గదిలోకి పోయావు. తలుపు వేసుకున్నావు.

అక్టోబర్ 7, శుక్రవారం. ఉదయం.

వంటింట్లో గోడ గడియారం లేదు. పప్పు ఉడికిందో లేదో వాసనతో కనిపెట్టాల్సి వచ్చింది. వెతికితే నీ మంచం మీద కనిపించింది. అందులో నిమిషాలు చూసుకుంటూ నువ్వు. లెక్కల పుస్తకం ఈసారి మొహం మీద కాదు, ఒళ్లో. ఒక లెక్క సగం చేసి అడ్డంగా గీత కొట్టి, తర్వాతి దానికి పోయావు. ఆ సగం లెక్క నాకు తలుపు దగ్గరినుంచే వచ్చేసింది. చెప్పలేదు. ఎంత కష్టమైందో అది నాకే తెలుసు.

కొత్త పందెం. దీపావళికి మొదటి వంద. నియమాలు:
1. రోజుకు మూడే ఆటలు. (ఈరోజు నాలుగయ్యాయి. నాలుగోది ఈ నియమం రాయకముందే మొదలైంది.)
2. ముక్కలు చెత్తైతే మొదటి వంతులోనే దిగిపోవాలి. దిగినందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.
3. మెంతిరంగు చీర ఉతకాలి. మోటారు నడిచిన రోజు.

నువ్వు ఇది మధ్యాహ్నం చదువుతావు కాబట్టి: కరెంటు ఉన్నప్పుడే స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపుకు పో. గ్రూప్స్ పాత ప్రశ్నపత్రాలు వాళ్ల దగ్గరే ఉంటాయి. మూడేళ్లవి, రెండేసి కాపీలు తీయించు. ఒకటి నీకు, ఒకటి నాకు. కాగితానికి ఒకవైపే తీయమను. రెండువైపులా తీస్తే వెనకది ముందుకు కనబడి నా కళ్లద్దాలు ఒప్పుకోవు. పిన్నులు కొట్టించు. వచ్చేటప్పుడు పావుకిలో చింతపండు, పాతది కాకుండా చూసి తీసుకురా.