లారీ తాళం వాపసు

మేనేజరు గారికి,

మా ఆవిడ చివరి రోజున ఆసుపత్రి మంచం మీద కూర్చుని, అంచుల్లో పెన్సిలుతో రాసుకుంటూ మీ లారీ లీజు కాగితాలు చదివింది. "బండి వాళ్లది, ఏ లోడు ఎత్తాలో చెప్పేది వాళ్లు, రిపేర్లు మాత్రం మనవి. మరి మీరు సొంతంగా చేసేదేమిటండీ, పంక్చర్లా?" అని నవ్వింది. సాయంత్రానికి పోయింది.

మూడో రోజున మీరు పరామర్శకు వచ్చి, ఆమె కళ్లద్దాల పక్కన లారీ తాళం పెట్టారు. "ఇంటికి త్వరగా రమ్మనేవాళ్లు కూడా లేరు. సంతకం పెట్టేయండి, ఇక మీకు మీరే యజమాని" అన్నారు.

ఇరవై ఏళ్లుగా జీతానికి లారీ నడుపుతున్నాను. నా యజమానులు చాకిరీ చేయించుకున్నారు గానీ, దానికి స్వాతంత్ర్యమని పేరు పెట్టలేదు.

రేపు ఉదయం మీ ఆఫీసు తెరవగానే తాళం మీ బల్ల మీద పెడతాను. కాగితాలు ఇవ్వను. వాటి మీద ఆమె చేతిరాత ఉంది.