డాంబర్ గోళీల చీర

తాండూరు,
బుధవారం

అమ్మా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ కాగితం నాన్న చేతికిచ్చి మర్పల్లి పంపుతున్నాను. కోపంతో రాస్తున్నానని అనుకోకు. భయంతో రాస్తున్నాను.

బాబు ఇంకా ఆసుపత్రిలో నీలం లైటు కిందే ఉన్నాడు. కళ్ళకు గంతలు కట్టారు. కామెర్లతో ఒళ్ళంతా పసుపు పూసినట్టుంది. పుట్టి ఆరు రోజులే, పాలు తాగే ఓపిక కూడా లేదు. ఆ పచ్చదనం మెదడుకెక్కితే బతికినా చెవులు వినపడవేమో అంటున్నారు. సాయంత్రం రిపోర్టు చూసి రక్తం మార్చాలో వద్దో చెబుతారట.

నీకు చెప్పని మాట ఒకటుంది. నిన్న పొద్దున నువ్వు ఏడుస్తూ బస్సెక్కిపోయాక డాక్టరమ్మ వచ్చి, "పిల్లగానికి డాంబర్ గోళీలల్ల పెట్టిన బట్టలేమన్న కప్పిన్రా?" అని అడిగింది. పక్కనే మా అత్తమ్మ. "మీ అమ్మ ఏం జేసిందో ఏమో, మా ఇంట్ల ఎన్నడు గిట్ల కాలే" అని అప్పటికే వార్డంతా వినేలా అంటోంది. ఆమె ముందు నిన్ను దోషిని చేయలేక, లేదన్నాను. ఇరవై ఒక్క రోజుల దాకా కొత్తబట్ట వేయొద్దని నువ్వు పురుగు పట్టకుండా ఆ గోళీలేసిన సందుగపెట్టెలోంచి తీసిచ్చిన మెత్తటి పాత చీరను సంచి అడుగున దాచేశాను. మధ్యాహ్నానికి వాడి మూత్రం డికాషన్ రంగుకొచ్చింది. అప్పుడు పరుగెత్తుకెళ్ళి నిజం చెప్పాను. నా అబద్ధంతో సగం రోజు పోయింది.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. రక్తంలోని ఒక్కో ఎర్రకణంలో ప్రోటీన్లనే పెద్ద పెద్ద అణువులు కోట్లకొద్దీ పనిచేస్తుంటాయట. ఒక రకం ప్రాణవాయువును మోస్తుంది, ఇంకో రకం కణం పగలకుండా కాపలా కాస్తుంది. పూసల దండలా పొడవుగా ఉండే ఆ అణువు సరిగ్గా మడతపడితేనే ప్రోటీన్ నిలుస్తుంది. మన బాబుకు ఆ కాపలా ప్రోటీన్ మడత కుదరలేదు. అది లేని కణాలు గోళీల ఆవిరి తగిలితే పగిలిపోతాయట. చాలామంది పిల్లలకు ఏమీ కాదట.

ఆ మడత ఎట్లా పడాలో డీఎన్ఏలో రాసి ఉంటుంది. మగపిల్లాడికి ఈ రాత తల్లి నుంచే వస్తుందంది. అంటే నా నుంచే. నేను బాగానే ఉన్నానుగా అంటే, ఆడవాళ్ళకు రెండు ప్రతులుంటాయి, ఒకటి చెడినా ఇంకొకటి కాస్తుందంది.

మీ ఇంట్లో మగబిడ్డ ఎవరైనా ఇట్లా పచ్చబడి చనిపోయాడా అని అడిగింది. ఎవరూ లేరన్నాను. నిజమే కదా అమ్మా?

నీ
నిరోష


మర్పల్లి,
గురువారం

బిడ్డా నిరోషా,

రక్తం మార్చారని, బాబు గట్టిగా ఏడ్చాడని, నీ కాగితం ఇచ్చి మళ్ళీ అక్కడికొచ్చిన నాన్న ఫోన్‌లో చెప్పాడు. పిల్లాడి ఏడుపు మాట విని ఇంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు.

నువ్వు డాక్టరమ్మకు మళ్ళీ అబద్ధం చెప్పావు, తెలియక. నీ తర్వాత ఒక కొడుకు పుట్టాడు. అప్పుడు నీకు రెండేళ్ళు. ఇట్లాగే పచ్చబడి ఎనిమిదో రోజున చనిపోయాడు. గాలి సోకిందన్నారు కొందరు. దేవుని చిత్తమని నేను నోరు మూసుకున్నాను.

నీ కొడుక్కి కప్పింది వాడిని చుట్టిన చీరే. మా అమ్మ సందుగలోది, అప్పుడూ గోళీల వాసన వచ్చేది. వాడు పోయాక ఉతికి, పురుగు పట్టకుండా ఏటా కొత్త గోళీలు వేసి దాచుకున్నాను. పోయిన పిల్లాడి బట్ట పసిబిడ్డకు కప్పకూడదంటారని తెలుసు. అందుకే ఎవరికీ చెప్పలేదు. మీ తమ్ముడే మళ్ళీ వచ్చి పడుకున్నట్టు ఉంటుందని ఆశపడ్డాను. బాబు పచ్చబడగానే నాకు వాడే కనిపించాడు. అందుకే బస్సెక్కి పారిపోయి వచ్చాను.

ఈరోజు సందుగ ఖాళీ చేసి గోళీలన్నీ దూరంగా గుంట తీసి పాతిపెట్టాను. ఆ చీర నీ సంచిలోనే ఉంటే బాబుకు దూరంగా పెట్టు. మీ తమ్ముడి సంగతి డాక్టరమ్మకు చెప్పు. మీ అత్తమ్మ వింటే విననీ.

ఒక్కటి మాత్రం అడగొద్దు. అప్పుడు ఆ చీర తీసేసి ఉంటే వాడు బతికేవాడా అని నువ్వు అడగొద్దు. అది నేనే అడగాలి. రేపు పొద్దున బస్సుకు వస్తున్నాను.

మీ అమ్మ
రెబెక్క