టీచర్‌గారు, ఎర్రపొగ

1974 మార్చి 12
రేపు జ్ఞానప్రసూనాంబ టీచర్‌గారు వస్తున్నారు. నిరుడే రిటైరయ్యారు. పటమటలో మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ చూడ్డానికి రమ్మని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను.

చల్లపల్లి హైస్కూలు గుర్తొస్తోంది. టెస్ట్‌ట్యూబులో జింకు ముక్కలు, పైన యాసిడ్. సన్నటి బుడగలు. మూతి దగ్గర మండే పుల్ల పెడితే హైడ్రోజన్ టప్పుమని పేలేది. ఆ పుల్ల పట్టుకోవడానికి టీచర్‌గారు 'అమలమ్మా' అంటూ వెనకబెంచీలోంచి నన్ను పిలిచారు. కూలికెళ్లే శౌరయ్య కూతురు ముందుకొస్తుంటే క్లాసంతా తలలు తిప్పి చూసింది. నేనీ ఉద్యోగంలో ఉన్నానంటే ఆ రోజు వల్లే.

మార్చి 13
వచ్చారు. జుట్టంతా తెల్లబడింది. గొంతు మాత్రం అదే.

మార్చి 14, సాయంత్రం, ఆసుపత్రి
పొద్దున ల్యాబ్ చూపిస్తున్నాను. పక్కగదిలో శాంతకుమారి అనే బీఎస్సీ అమ్మాయి నైట్రిక్ యాసిడ్‌లో రాగితీగ ముక్కలు వేసింది. పొగని బయటికి లాగే ఫ్యూమ్ కబోర్డ్‌లో చెయ్యాల్సిన పని. బల్ల మీదే చేసింది. బీకరులో ఆకుపచ్చ ద్రవం, పైన ఎర్రటి పొగ. పిల్ల బెదిరిపోయి మూలన నక్కింది. నేను కదిలేలోపే టీచర్‌గారు పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లారు. పిల్లని బయటికి తోశారు. మళ్లీ వెళ్లి, బీకరుని కబోర్డ్‌లో పెట్టి గాజుతలుపు దించి వచ్చారు.

కాస్త దగ్గారు. అంతే. పిల్లని తిట్టొద్దన్నారు. కాఫీ అడిగారు. అందరూ తేలికపడ్డారు, నేను తప్ప. ఆ పొగ మోసకారిది. పీల్చినప్పుడు ఏమీ తెలీదు, గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆసుపత్రికి వెళ్దామన్నాను. ఇలాంటివి బోలెడు పీల్చానని, బస్సుకి టైమైందని పెట్టె అందుకున్నారు. ఆమె మాట నేనెప్పుడూ కాదనలేదు.

పెట్టె లాక్కున్నాను.

"ఈ పొగ సంగతి మీరు చెప్పిన పాఠమే కదండీ. నేను విన్నాను. ఈసారి మీరు వినండి."

టీచర్‌గారు చెప్పులేసుకున్నారు. రిక్షా పిలవమన్నారు. ఆ పిల్లనీ ఎక్కించాను.

మార్చి 15
తెల్లవారుతూనే టీచర్‌గారికి ఊపిరందలేదు. పెదాలు నీలమయ్యాయి. ఆక్సిజన్ పెట్టారు. నిన్న బస్సెక్కి ఉంటే ఇంట్లో ఒక్కరే ఉండేవారని డాక్టరుగారు అన్నారు. శాంతకుమారికి ఏమీ కాలేదు.

మార్చి 16
అలాగే ఉన్నారు. ప్రార్థన మధ్యలో మాటలు మర్చిపోతున్నాను.

మార్చి 19
మాట్లాడారు. ముందు ఆ పిల్ల ఎలా ఉందన్నారు. రోజూ వచ్చి వరండాలో నిలబడుతోందని చెప్పాను. పిలిపించారు. ఏడుస్తూ వచ్చింది. టీచర్‌గారు ఓదార్చలేదు. రాగి కరిగాక ఏ రంగొచ్చిందని అడిగారు. ఆకుపచ్చ అంది పిల్ల, వెక్కుతూనే. ఈసారి అమలమ్మ పక్కన ఉండగా చెయ్యమని, దాన్ని నీళ్లలో పోస్తే నీలంగా మారుతుందని, అది చూడకుండా భయపడి మానేస్తే ఎలాగని అడిగారు. పిల్ల ఏడుపు ఆపి, ఎందుకు మారుతుందండీ అంది.

టీచర్‌గారు అలసిపోయేదాకా చెప్పారు. నేను కూడా స్టూల్ లాక్కుని కూర్చుని విన్నాను. మళ్లీ పదో క్లాసు పిల్లనయ్యాను.

మార్చి 24, మధ్యాహ్నం
టీచర్‌గారిని మా ఇంటికే తెచ్చుకున్నాను. నా మంచం మీద నిద్రపోతున్నారు. ఫ్యాను చప్పుడులో ఆమె ఊపిరి వినపడటం లేదు. కాసేపు ఫ్యాను ఆపేశాను, ఇప్పుడు వినపడుతోంది. చెమట కారుతోంది. కారనీ.