మానేశారని రాయకండి

డాక్టరు గారికి, నరసాపురం నుంచి నమస్కారాలు.

మా ఆయన మీరు పరిశోధన కోసం చేస్తున్న కంటి కార్నియా ఆపరేషన్ ట్రయల్‌లో చేరారు. కార్నియా మొత్తం మార్చడం మంచిదా, లోపలి పలచని పొర మారిస్తే సరిపోతుందా అన్నది తేల్చడానికి మీరు చీటీ తీస్తే, ఆయనకు పలచని పొర పడింది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక నేను అల్లిన లేసు కంటి దగ్గర పెట్టుకుని, "ఇన్నాళ్లూ ఇంత సన్నగా అల్లుతున్నావా!" అన్నారు. "మనం చెకప్ ఎగ్గొడితే డాక్టరు గారి లెక్క తప్పుతుంది. మన వెనకొచ్చేవాళ్లకి అదే ఆధారం" అంటూ ముసురులో కూడా బయలుదేరేవారు.

నిన్న మీ ఆస్పత్రి అమ్మాయి ఫోన్ చేసి, "చెకప్‌కి రాలేదేంటండీ? సరిచూసుకోవాలి, పేషెంటు పేరు చెప్పండమ్మా" అంది. భర్త పేరు పలికే అలవాటు మా ఇళ్లల్లో లేదు. ఎవరడిగినా పక్కనుండి ఆయనే చెప్పేవారు. రెండుసార్లు అడిగినా "మా ఆయనండీ" అనే అన్నాను. "అయితే మానేశారని రాసుకోమంటారా?" అంది. ఫోన్ పెట్టేశాను.

ఆయన మానలేదండి. ఆదివారం గుండెపోటుతో పోయారు. ఆ కన్ను చివరిదాకా బాగానే కనపడింది, అది కూడా రాసుకోండి. పేరు పలకలేను గానీ, కింద రాశాను.

ఇట్లు,
కడలి వీరభద్రం గారి భార్య