మా పడకగదికి పెట్టించిన కిటికీ గురించి

భవన అనుమతుల అధికారి గారి సముఖమునకు,
విశాఖపట్నం.

అయ్యా,

విషయం: మల్కాపురంలోని మా అయిదో అంతస్తు ఫ్లాటులో నేను పెట్టించుకొన్న కిటికీని తొలగించి, యథాతథంగా అద్దం బిగించవలెనని జారీ అయిన నోటీసును రద్దు చేయుమని ప్రార్థన.

పోర్టులో క్రేన్ ఆపరేటరుగా పనిచేయుచున్న గవర్రాజు అను నేను తమకు సవినయంగా మనవి చేసుకొనునది:

1. మాది గోదావరి జిల్లా. మా నాన్నగారు పోర్టు ఉద్యోగానికి వచ్చి మల్కాపురంలో స్థిరపడ్డారు. నా భార్య అనూరాధ కాపురానికి వచ్చింది మొదలు మేము ఒక పాత రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. ఆ ఇంటికి ఎటు చూసినా కిటికీలే. ఆ కిటికీల్లోంచి పోర్టు బొగ్గు గుట్టల నల్ల దుమ్ము వచ్చేది. పొద్దున తుడిచిన గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆరేసిన బట్టలను ఆమె మళ్లీ ఉతికేది. గాలి మళ్లితే రిఫైనరీ వాసన. ఇవన్నీ ఫిర్యాదులు కావు, మేము కొత్త ఇంటికి ఎందుకు ఆశపడ్డామో తమకు తెలియడానికి రాస్తున్నాను.

2. సదరు కొత్త భవనం ఇప్పటి పద్ధతిలో కట్టినది. గోడ ఉండవలసిన చోట నేల నుంచి పైదాకా అద్దం. బాల్కనీ లేదు, ఆ జాగాను హాల్లో కలిపేశారు. వంటగదికి అడ్డుగోడ లేదు. ఇల్లంతా ఫాల్స్ సీలింగ్, దాని అంచుల వెంట లోపల దాగిన రంగు దీపాలు. బిల్డరు తరఫున ఫ్లాటు చూపించడానికి వచ్చిన అమ్మాయి, "అసలు కిటికీ అన్నదే లేదండి. ఇంక దుమ్మెలా వస్తాది? ఏసీ వేసేసుకోడమే" అన్నది. చేరిన వారానికే అనూరాధ చెప్పుల్లేకుండా ఇల్లంతా నడిచి, కుర్చీలో కూర్చుని అరికాళ్లు నాకు చూపించింది. "చూడండి, తెల్లగా ఉన్నాయి" అన్నది. ఆమె అంత సంతోషపడగా నేను చూడటం అరుదు.

3. గత వేసవిలో ఒక మధ్యాహ్నం నేను క్రేన్ మీద ఉండగా ఆమె దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. హాల్లో సీలింగ్ లోపల వైర్లు అంటుకున్నాయి. "తలుపు దగ్గరికి వెళ్లలేకపోతున్నానండి. పడగ్గదిలోకి వచ్చి గడియ పెట్టేసుకున్నాను" అన్నది. నేను మంచి పని చేశావన్నాను. కానీ ఆ ఫాల్స్ సీలింగ్ పైన గదికీ గదికీ మధ్య అడ్డు లేదని మాకు ఎవరూ చెప్పలేదు. పొగ హాల్లోంచి పైపైనే నడిచివచ్చి పడకగదిలోకి దిగింది.

"అద్దం పగలగొట్టు అనూ" అన్నాను.

"కొడుతున్నానండి. ఇస్త్రీపెట్టెతో కొడుతున్నాను."

క్రేన్ మీద నుంచి మా భవనం కనపడుతుంది. ఎండకి అద్దాలన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి. ఏది మాదో పోల్చుకోలేకపోయాను. నిచ్చెన దిగుతూ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. ఆమె దగ్గుతూ ఆఖరిగా అన్నమాట, "శ్రీసత్యకి ఇప్పుడే చెప్పకండి, పరీక్షలో ఉంది." శ్రీసత్య మా అమ్మాయి.

4. పక్క ఫ్లాటులో ఉండే లతీఫ్ పాతనగరంలో వడ్రంగి పని చేసుకునే మనిషి. తన ఇంటి అద్దంలో ఏసీ కోసం కోయించి, ఇంకా పెట్టె బిగించని సందులోంచి దూరి, సన్నటి సజ్జ మీద పాకి, మా పడకగది అద్దం దాకా వెళ్లాడు. బయట నుంచి అతను సుత్తితో, లోపల నుంచి ఆమె ఇస్త్రీపెట్టెతో. రెండు అద్దాల నడుమ సాగే పొర ఉన్న రకం అది. పగిలినా రాలదు. పడిపోయి ఎవరికీ దెబ్బ తగలకూడదని అలా చేస్తారట.

లతీఫ్ నాతో ఈ సంగతి ఒక్కసారే చెప్పాడు. "బావా, నాను కొడతన్నాను, కొడతన్నాను. అద్దం పగిలింది గానీ ఊడి రాలేదు. అంతా పగిలి తెల్లగా అయిపోనాది. మరింక చెల్లెమ్మ నాకు కనబడలేదు."

ఫైరింజను వాళ్లు తలుపు బద్దలుకొట్టి ఆమెను బయటికి తెచ్చారు. ఆసుపత్రి చేరేలోపు పోయింది. ఒంటి మీద ఎక్కడా కాలిన గాయం లేదు.

5. ప్రమాదమని రాసి విషయం ముగించారు. బిల్డరు ఇల్లు బాగుచేయించి అదే రకం అద్దం మళ్లీ బిగించాడు. మాకు పోవడానికి వేరే చోటు లేదు, పాత ఇల్లు పడగొట్టేశారు. శ్రీసత్య ఆ పడకగదిలోకి అడుగుపెట్టలేదు. మెట్ల మీద కూర్చుని చదువుకునేది. చలికాలంలో కూడా అక్కడే. కిటికీ పెట్టుకోనివ్వమని అసోసియేషన్ సెక్రటరీ సాయిశంకర్ గారిని అడిగాను.

"మీ బాధ నాకు తెలీదేటి గవర్రాజు గారూ" అన్నారు. "కానీ ఒక్కరు కిటికీ పెడితే మొత్తం బిల్డింగు ఎలివేషన్ పాడైపోతాది. రెండో బ్లాకు ఇంకా అమ్మకాల్లో ఉంది కదా, వచ్చినోళ్లు ముందు అదే చూస్తారు."

ఆయన చెడ్డవారు కారు. దినకార్యాలకు దగ్గరుండి అన్నీ చూసుకున్నారు.

6. అందుచేత నేను ఎవరినీ మళ్లీ అడగలేదు. అద్దం కోసేవాళ్లను లతీఫ్ తీసుకువచ్చాడు. కిటికీ తానే చేశాడు. మామూలు చెక్క కిటికీ, రెండు రెక్కలు, ఒక గడియ. బిగించడం అయ్యాక శ్రీసత్య మెట్ల మీద నుంచి లేచి వచ్చి, తానే గడియ తీసి, తల బయటపెట్టి చాలాసేపు నిలబడింది. తర్వాత గడియ వేసింది, తీసింది. మళ్లీ వేసింది, మళ్లీ తీసింది. ఆ రోజు నుంచి ఆ గదిలోనే చదువుకుంటోంది.

7. "మంజూరైన ముఖభాగ నమూనాకు విరుద్ధమైన మార్పు" అని నోటీసులో ఉన్నది. పలుమార్లు చదివాను. ఆ మాట నిజమే, విరుద్ధమే. అయితే సదరు నమూనాను మంజూరు చేసిన నాడు, లోపలి మనిషి బయటికి ఎటు నుంచి రావాలో దానిలో ఎక్కడ చూపించారో దయచేసి తెలియజేయగలరు. నాకు గొడవ పడే ఉద్దేశం లేదు. ఉద్యోగస్తుణ్ణి, చట్టానికి లోబడేవాణ్ణి. గడువులోగా అద్దం బిగించమంటే మాత్రం నా చేత కాదు. తమరు మనుషులను పంపి బిగించాలి. వాళ్లు వచ్చినప్పుడు నేను గుమ్మంలో అడ్డంగా ఉంటాను.

కావున నోటీసు రద్దు చేయుమనియు, రెండో బ్లాకులో జనం చేరకముందే ప్రతి పడకగదికీ తెరుచుకునే కిటికీ ఒకటి ఉండేటట్లు ఆదేశించుమనియు నా విన్నపం. ఒక్కసారి మా ఇంటికి వచ్చి, ఆ గడియ స్వహస్తంతో తీసి చూసిన మీదట ఈ అర్జీని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, అనూరాధ భర్త,
గవర్రాజు

తా.క.: నోటీసు అంటించడానికి వచ్చిన తమ సిబ్బందిలో ఒకాయన ఆ పని ముగించి వెళ్లిపోయినట్టే వెళ్లి, లిఫ్టు దగ్గర నుంచి ఒంటరిగా వెనక్కి వచ్చాడు. కిటికీ చూస్తానన్నాడు. చూపించాను. "మాది తగరపువలసండి. కొత్త ఫ్లాటే, ఇదే రకం అద్దాలు. మా ఆవిడా నానూ డ్యూటీకి పోతే పిల్లలిద్దరే ఉంటారు" అన్నాడు. ఈ కిటికీ చేసిన వడ్రంగి ఫోన్ నెంబరు ఇస్తారా అని అడిగాడు. ఇచ్చాను. అడిగినాయన పేరు మాత్రం రాయను. ఆయనకు నోటీసు పంపవద్దు.