ఆ పుట్టుమచ్చ

ఆదివారం, జనక్‌పురి

ఇంగ్లీషు పత్రికలో బూట్ల ప్రకటన వచ్చింది. కాళ్ళకి బూట్లు తప్ప ఒంటిమీద నూలుపోగు లేకుండా ఒక మగవాడు అటు తిరిగి నుంచున్నాడు. మొహం కనబడదు. "ఇప్పుడివన్నీ మామూలే అత్తయ్యా, కేబుల్ టీవీలో ఇంకా ఘోరం" అని కోడలు నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. భుజం కింద ఆ పుట్టుమచ్చ అచ్చం మా మనవడు రవిదే. పుట్టిన్నాటినుంచీ వాడికి ఒళ్ళంతా నూనె రాసి తలంటేది నేనేగా. ఇరవై మూడేళ్ళొచ్చినా ఆదివారం పీట మీద కూచుంటాడు. ఈమధ్య సాకేత్‌లో ఎవరో ఫొటోలు తీస్తారంటూ పోతున్నాడు కూడాను.

ఇవాళ నూనెగిన్నెతో పిలిచాను. వచ్చాడు గానీ బనీను విప్పలేదు.

"విప్పరా, నూనె మరకలవుతాయి."

"రహ్‌నే దో నానమ్మా, ఉండనీ, సిగ్గు."

లోకమంతటి ముందూ లేని సిగ్గు నా దగ్గరా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. వాళ్ళ నాన్న, అదే మా అబ్బాయి, మిలిటరీ మనిషి. తెలిస్తే వీణ్ణి గడప తొక్కనిస్తాడా? అందుకే ఆ పేజీ చింపి పొయ్యిగట్టు తుడిచి పారేశాను.

సాయంత్రం మా అబ్బాయి పత్రిక తిరగేసి, "బూట్ల బొమ్మున్న పేజీ ఏదమ్మా?" అన్నాడు.

"నూనె ఒలికితే తుడిచాను నాయనా."

కాసేపు నా మొహంలోకి చూసి, "ఠీక్ హై" అని లేచిపోయాడు. అన్ని పేజీలుండగా వాడు ఆ ఒక్కటే ఎందుకడిగినట్టు?